గుహలో మొహమాటానికి చోటు లేదు
ఫ్లోరిడా ఊటల్లో స్కూబా నేర్చుకుంటున్న తెలుగు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు బహిరంగ లేఖ

నమస్కారం.

గత నెలలో ఒక ఆదివారం పొద్దున, నీటి అడుగున గుహ ఉన్న ఒక ఊట దగ్గర కార్లు నిలిపే చోట, ఫోనులో మా అమ్మతో మాట్లాడుతున్నాను. నా తెలుగు విని మీలో నలుగురు దగ్గరకు వచ్చారు. ఏ ఊరంటే ఏ ఊరని అడిగి తెలుసుకున్నాం, కుశలప్రశ్నలయ్యాయి. నా బండి వెనక ఉన్న జంట సిలిండర్లు చూసి, "అన్నా, మీరు గుహలోకి వెళ్తారా? మమ్మల్ని కూడా తీసుకెళ్ళండి" అన్నారు. ఏ కార్డు ఉందని అడిగాను. ఓపెన్ వాటర్ అన్నారు, అంటే స్కూబాలో మొదటి మెట్టు. ఇప్పటికి ఎన్నిసార్లు దిగారంటే ఒకరు పదకొండు అన్నారు, ఇంకొకరు తొమ్మిది అన్నారు. నలుగురికీ కలిపి అద్దెకు తెచ్చిన టార్చి ఒకటి. కుదరదన్నాను. "ఎక్కువ దూరం వద్దన్నా, పది అడుగులు చాలు" అన్నారు. పది అడుగులు కూడా కుదరదన్నాను. మీకు కోపం వచ్చింది. "గుహేదో వాళ్ళ తాత తవ్వించినట్టు మాట్లాడుతున్నాడు" అని వెనక నుంచి వినిపించింది కూడా. మాట బాగుంది. నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం నేను పైకి వచ్చేసరికి మీరు చెక్కమెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నారు. కోపం పోయినట్టుంది, నాకూ ఒక ప్లేటు పెట్టారు. తింటుండగా, మీలో అందరికంటే తక్కువ మాట్లాడిన అబ్బాయి నా పక్కకు జరిగి మెల్లగా చెప్పాడు. నేను వెళ్ళాక మీరు దిగారట. హెచ్చరిక బోర్డు దాకా వెళ్ళారట. ఇద్దరు దాటుదామని సైగ చేశారట. "నాకు వెనక్కి వెళ్ళిపోదామని ఉంది అన్నా. కానీ ఏమనుకుంటారోనని చెప్పలేకపోయాను. వాళ్ళ వెనకే వెళ్ళాను" అన్నాడు. ఇంతలో టార్చి మసకబారింది. అందుకే తిరిగి వచ్చారు.

అంటే ఆ రోజు నలుగురినీ వెనక్కి తెచ్చింది మీ తెలివి కాదు, నా మాట కాదు, సరిగ్గా చార్జింగు పెట్టని ఒక టార్చి. ఆ సంగతి విన్నాక పులిహోర గొంతు దిగలేదు. ఈ ఉత్తరం ఆ అబ్బాయి చెప్పిన ఒక్క ముక్క గురించే: "ఏమనుకుంటారోనని."

మీ ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది ఎక్కడిదో నాకు తెలుసు. నేను నంద్యాల వైపు వాణ్ణి. వీపుకు ఎండు సొరకాయ కట్టి మా మేనమామ దిగుడుబావిలోకి తోస్తే ఈత నేర్చుకున్నాను. బావి అడుగుదాకా మునిగి గుప్పెడు మన్ను తెచ్చి చూపించినవాడే మా జట్టులో మొనగాడు. ఊపిరి అయిపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన పనీ లేదు. కాళ్ళతో అడుగును తన్నితే పైన ఆకాశం ఉంటుంది. మీరు నేర్చుకున్న ఓపెన్ వాటర్ కోర్సు కూడా, పేరులోనే చెబుతున్నట్టు, ఆ ఆకాశం మీద ఆధారపడిన చదువే. ఏది చెడిపోయినా చివరికి పైకి రావచ్చు అనేది దాని పునాది. గుహలో తల పైకెత్తితే రాయి తగులుతుంది. అక్కడ "పైకి" అనే దిక్కే లేదు. ఉన్నదల్లా "వచ్చిన దారి".

మహానంది కోనేరు చూసినవాళ్ళకు ఫ్లోరిడా ఊట కొత్తగా అనిపించదు. రూపాయి బిళ్ళ వేస్తే అడుగున తళతళలాడుతూ కనిపించేంత తేట నీరు. ఏడాది పొడవునా ఒకటే చల్లదనం, ఇక్కడైతే సుమారు 22 డిగ్రీలు. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కాస్త పులుపెక్కి, సున్నపురాయిని వేల ఏళ్ళుగా కరిగిస్తూ పోతే బిలాలు ఏర్పడతాయి. మన బేలం గుహలు కూడా సున్నపురాయిని నీరు తొలిచినవే. తేడా ఏమిటంటే, బేలంలో నీరు చాలావరకు తప్పుకుంది కాబట్టి చెప్పులేసుకుని కరెంటు దీపాల కింద నడుస్తాం. ఫ్లోరిడాలో నీరు ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు.

ఆ తేటదనమే మొదటి మోసం. బురద నీళ్ళలోకి ఎవరినైనా రమ్మంటే వెనకాడతారు. అద్దంలా ఉన్న నీటిలో వంద అడుగుల అవతల గోడ కనిపిస్తుంటే, అది పక్కగదిలా అనిపిస్తుంది. కానీ నేల మీద, గోడల అంచుల మీద గోధుమపిండి కంటే మెత్తటి మన్ను పరుచుకుని ఉంటుంది. మీకు నేర్పినట్టు కాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తే చాలు, అది లేస్తుంది. మీరు కదలకపోయినా మీ బుడగలు కప్పును తాకి పొడి రాల్చుతాయి. పాల గ్లాసులో తల ముంచి కళ్ళు తెరిస్తే ఎంత కనిపిస్తుందో అప్పుడు అంతే కనిపిస్తుంది. మణికట్టుకున్న కంప్యూటర్ కనిపించదు. టార్చి వేస్తే ఇంకా అన్యాయం, తెల్లగోడ మాత్రమే కనిపిస్తుంది. ఊట జోరుగా పారే చోట నిమిషాల్లో తేటపడవచ్చు. నీరు కదలని చోట గంటలు పడుతుంది. మీ సిలిండర్‌లో గంటలు ఉండవు.

అందుకే బయట తేట నీటిలో మొదలుపెట్టి దారం పరుచుకుంటూ వెళ్తాం. కళ్ళు పనిచేయకపోతే బొటనవేలూ చూపుడువేలూ ఆ దారం చుట్టూ ఉంగరంలా పెట్టి, రెండో చేత్తో తోడు మనిషి మోచేతిని పట్టుకుని, తడుముకుంటూ బయటికి వస్తాం. దారి చీలేచోట ప్లాస్టిక్ బాణం గుర్తులుంటాయి. వాటి మొన బయటి దారి వైపు ఉంటుంది, చీకటిలో వేలితో తడిమినా తెలుస్తుంది. "పది అడుగులే" వెళ్ళేవాడికి దారం ఉండదు. పది అడుగులకు దారం ఎందుకని అనుకుంటాడు. మన్ను లేచాక ఆ పది అడుగులు ఏ దిక్కున ఉన్నాయో చెప్పే నాథుడు ఉండడు.

బోర్డు సంగతి. దాని మీద కొడవలి పట్టిన అస్థిపంజరం బొమ్మ చూసి మీరు నవ్వుకున్నారని తెలుసు. కింద రాసింది చదివారా? ఇలాంటి గుహల్లో మూడు వందల మందికి పైగా డైవర్లు చనిపోయారని, వారిలో ఓపెన్ వాటర్ శిక్షకులు కూడా ఉన్నారని ఉంటుంది. ప్రాణం ఇవ్వదగినదేదీ ఈ గుహలో లేదని కూడా ఉంటుంది. శిక్షకులు అన్న మాట దగ్గర ఆగండి. మీకు నేర్పినవారిలాగే నేర్పే అర్హత ఉన్నవారు. ఈత రాక కాదు, ధైర్యం లేక కాదు. వారికి తెలిసిన చదువు ఈ చోటుది కాదు.

కొన్ని ఊటల్లో ఓపెన్ వాటర్ వాళ్ళు దీపం తెచ్చుకోకూడదనే నిబంధన ఉంది. నేను కొత్తగా వచ్చినప్పుడు అది అవమానంగా అనిపించింది. ఇప్పుడు ఆ నిబంధన పెట్టినవారికి దండం పెట్టాలనిపిస్తుంది. చేతిలో దీపం లేనివాణ్ణి చీకటే ఆపుతుంది. గుహకు శిక్షణ పొందినవాళ్ళం ఒక్కొక్కరం మూడేసి దీపాలు తీసుకువెళ్తాం. నలుగురికి ఒకటి కాదు, ఒకరికి మూడు.

ఈ నియమాలు ఎవరో బల్ల ముందు కూర్చుని కల్పించినవి కావు. షెక్ ఎక్స్‌లీ అని ఫ్లోరిడాలో ఒక గణితం పంతులు ఉండేవాడు. వెయ్యి గుహ డైవ్‌లు చేసిన మొదటి మనిషి. గుహల్లో చనిపోయినవారి కథలన్నీ ముందేసుకుని, ఎక్కడ తప్పు జరిగిందని లెక్కల మాస్టారు పద్ధతిలోనే వెతికి, 1979లో చిన్న పుస్తకం వేశాడు. బయటిదాకా తెగని దారం లేకపోవడం, తిరిగి రావడానికి చాలినంత గాలి మిగుల్చుకోకపోవడం, తాహతుకు మించిన లోతు. మళ్ళీ మళ్ళీ ఇవే తేలాయి. శిక్షణ లేకపోవడం, దీపాలు చాలకపోవడం తరువాత చేరాయి. ఆయన కూడా 1994లో మెక్సికోలోని జకటోన్ అనే నీటి బిలంలో విపరీతమైన లోతుకు దిగుతూ చనిపోయాడు. నియమాలు రాసినవాడని నీరు మినహాయింపు ఇవ్వలేదు.

ఇప్పుడు గాలి లెక్క. ఇక్కడే మొహమాటం వచ్చి కూర్చుంటుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఇద్దరం ఒకే రకం సిలిండర్లతో, గాలి ఒత్తిడి 3600 పీఎస్‌ఐతో దిగామనుకోండి. లోపలికి వెళ్ళడానికి మూడోవంతే వాడాలి, అంటే 1200. గాలి మీటరు ముల్లు 2400 చూపగానే వెనక్కి తిరగాలి. తిరుగుదారికి ఇంకో 1200. మరి చివరి 1200 ఎవరిది? నా వీపు మీద ఉన్నా అది నాది కాదు. నా తోడుది. బాగా లోపల, తిరగబోయే క్షణంలో, తోడు మనిషి గాలి మొత్తం పోయిందనుకోండి. నా దగ్గరున్న 2400తో ఇద్దరం బయటికి రావాలి. తోడుకు 1200, నాకు 1200, ఒడ్డు చేరేసరికి సున్నా. ఈ లెక్క కూడా ఇద్దరం నిదానంగా పీలిస్తేనే. భయపడ్డ మనిషి నిదానంగా పీల్చడు. పైగా 20 మీటర్ల లోతులో ప్రతి ఊపిరికీ ఒడ్డున పట్టేదానికి మూడింతలు గాలి ఖర్చవుతుంది. కాబట్టి మూడోవంతు నియమం దయతో ఇచ్చిన మిగులు కాదు, కనీస కూలి లాంటిది. ఊట నీరు బయటికి పారుతుంటే రావడం తేలిక. అదే సువానీ నది పొంగినప్పుడు దాని ఒడ్డునున్న కొన్ని ఊటలు వెనక్కి తిరిగి, టీ డికాషన్ రంగు నది నీటిని లోపలికి తాగుతాయి. ప్రవాహం లోపలికి లాగుతుంటే రావడానికి వెళ్ళినదానికంటే ఎక్కువ కావాలి. అప్పుడు ఈ మూడోవంతు కూడా చాలదు.

ఇద్దరిలో ఎవరి ముల్లు ముందు ఆ గీతకు వస్తే వారే వెనక్కి తిప్పాలి. నేను లావుపాటి మనిషిని, గాలి ఎక్కువ పీలుస్తాను. మొదటి ఏడాదంతా ప్రతిసారీ నేనే తిప్పాల్సి వచ్చేది. ఎంత సిగ్గనిపించేదో చెప్పలేను. విందులో అందరికంటే ముందు లేచి చేయి కడుక్కున్నట్టు ఉండేది. నా వల్లే అందరూ వెనక్కి రావాలా అని, ముల్లు 2400 దాటాక కూడా ఒక నిమిషం ఊరుకుని అప్పుడు చూపించిన రోజులున్నాయి. ఆ నిమిషంలో నేను పీల్చింది నా గాలి కాదు. పక్కనున్న మనిషికి దాచిపెట్టిన ప్రాణంలోంచి దొంగతనం. మన ఇళ్ళలో మొహమాటాన్ని మంచితనం అంటారు. నీటి కింద దాని పేరు దొంగతనం.

మన ఊళ్ళో బడ్డీ అంటే కిళ్ళీ కొట్టు. ఇక్కడ బడ్డీ అంటే జత మనిషి. నా బడ్డీ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఉద్యోగ విరమణ చేసిన ఒక అమెరికన్ పంతులమ్మ. దిగే ముందు ప్రతిసారీ నా దగ్గరున్న రెండు మీటర్ల పొడుగు గొట్టం తీసుకుని ఒకసారి పీల్చి చూస్తుంది. ఇరుకు సందులో ఒకరి వెనక ఒకరు వస్తూ గాలి పంచుకోవాలంటే గొట్టం అంత పొడుగు ఉండాలి. వందసార్లు చూసింది కదా, ఇంకా ఎందుకని ఒకసారి అడిగాను. "ఈ రోజు చూడలేదు కదా" అంది.

రెండేళ్ళ కిందట మేమిద్దరం పీకాక్ స్ప్రింగ్స్‌లో దిగాం. ఆ పార్కుకు ఊటల ఫోటోగ్రాఫర్, అన్వేషకుడు వెస్ స్కైల్స్ పేరు పెట్టారు. ఆ రోజు నాకు ఏమీ బాగోలేదు. కారణమంటూ చెప్పుకోవడానికి లేదు. రాత్రి సరిగా నిద్ర లేదు, మాస్కులోకి చుక్క చుక్కగా నీరు వస్తోంది, గుండె అనవసరంగా చప్పుడు చేస్తోంది. వెనక్కి వెళ్దామని చెప్పవచ్చు. కానీ ఆమె నా కోసం నాలుగు గంటలు బండి నడుపుకుంటూ వచ్చింది. ఇంత దూరం వచ్చిన మనిషితో ఇరవై నిమిషాలకే తిరుగుదామని ఎలా అంటాం? ముందుకే వెళ్ళాను.

కొంచెం దూరం పోయాక నా పక్కన గోడ మీద ఆమె దీపం అడ్డంగా ఊగింది. తిరిగి చూస్తే బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. మన దగ్గర అది "భలే" అనడానికి గుర్తు. డైవింగ్‌లో దాని అర్థం ఒక్కటే: అయిపోయింది, వెళ్దాం. గుహలో ఆ వేలికి ఎదురు ప్రశ్న ఉండదు. ఎందుకని అడగకూడదు, ఇంకొంచెం అని బతిమాలకూడదు. అదే వేలు తిరిగి చూపించి, వెనక్కి తిరగాలి. తిరిగాం.

ఒడ్డున అడిగాను, నీకేమైంది అని. "నాకేం కాలేదు. నీ దీపం వణికింది" అంది. గుహలో తోడు మనిషి ముఖం కనిపించదు. అతని దీపం గోడ మీద వేసే వెలుగు చుక్క మాత్రమే కనిపిస్తుంది. అది మెల్లగా, నిలకడగా కదులుతుంటే మనిషి బాగున్నట్టు. నా చుక్క పావుగంటగా పిచ్చుకలా గెంతుతోందట. నేనే చెబుతానేమోనని కాసేపు చూసి, చెప్పకపోయేసరికి తనే వేలు ఎత్తింది. తరువాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నాలుగు గంటల ప్రయాణం గురించి అసలు ఎత్తలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. పాలూ పంచదారా లేని ఆ కాఫీ నాకు ఎప్పుడూ నచ్చదు, ఆ రోజు రెండు కప్పులు తాగాను.

మీలో ఒకరు అడగవచ్చు: నువ్వు ఎప్పుడూ బోర్డు దాటలేదా అని. దాటాను. గుహ కోర్సుకు చాలా ముందు, ఆఫీసు మిత్రుడితో, ఒకే ఒక్క టార్చితో. పదిహేను అడుగులు ఉంటుందేమో. ఏమీ కాలేదు. గోడలు చూశాం, వచ్చేశాం, ఫోటో పెట్టుకున్నాం. ఆ తరువాత చాలా కాలం ఆ బోర్డు నాకు పిరికివాళ్ళ కోసం పెట్టినదానిలా కనిపించింది. ఏమీ జరగకపోవడం అంత చెడ్డ గురువు ఇంకొకటి లేదు. అందుకే ఆ రోజు మీతో గుహ మా తాత తవ్వించినట్టు మాట్లాడాను. మీ పది అడుగుల్లో నాకు నా పదిహేను అడుగులు కనిపించాయి.

2018లో థాయిలాండ్‌లో థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలూ, వాళ్ళ కోచ్ చిక్కుకుంటే మన టీవీలన్నీ చూపించాయి. వాళ్ళను బయటికి తెచ్చిన డైవర్లను చూసే ఈ సరదా పుట్టిందని మీలో ఒకరు చెప్పారు. మంచిదే. పిల్లలందరూ బతికారు. కానీ ఆ గుహలో సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ సమన్ గునన్ అనే మాజీ నావికాదళ డైవర్ చనిపోయాడు. ఆ పేరు కూడా గుర్తుంచుకోండి.

చూడవద్దని నేను అనడం లేదు. జిన్నీ స్ప్రింగ్స్‌లో బాల్‌రూమ్ అనే పెద్ద గది లాంటి చోటు ఉంది. మీ కార్డుతోనే దిగవచ్చు, అక్కడ దీపం కూడా పట్టుకెళ్ళవచ్చు. గది చివర గుహ మొదలయ్యే దగ్గర ఇనుప ఊచలు బిగించి మూసేశారు. ఆ ఊచలు పట్టుకుని నిలబడండి. లోపలి నుంచి వచ్చే నీటి ఉరవడికి మీరు జెండాలా వెనక్కి రెపరెపలాడతారు. నాకిప్పటికీ సరదాగానే ఉంటుంది. ఇంకా లోపలికి పోవాలని ఉంటే, పగటి వెలుతురు కనిపించే మేర వరకే నేర్పే కావర్న్ కోర్సుతో మొదలుపెట్టండి. డబ్బు అవుతుంది, నిజమే. మొదటి రోజు నీళ్ళలోకే దించరు, చెట్ల మధ్య దారం కట్టి కళ్ళు మూసుకుని నడిపిస్తారు. ఇంజినీరింగ్ చదివి వచ్చిన మనం గుడ్డివాళ్ళలా చెట్లు తడుముకుంటూ నడవడం చూసేవాళ్ళకు నవ్వుగా ఉంటుంది. నడవండి.

మరో మాట, సెలవులకు జట్లను తీసుకువచ్చే పెద్దలతో. పడవలు, టైర్లు, వంటల జాబితా ముందే వేస్తారు. ఆ జాబితా వేసేటప్పుడే, పిల్లలందరి ముందు, ఎవరైనా ఎప్పుడైనా వద్దంటే అందరూ వెనక్కి వచ్చేయాలని, ఆ తరువాత ఎవరూ వెక్కిరించకూడదని ఒక మాట అనేయండి. ఒడ్డున అనకపోతే నీళ్ళలో ఎవరూ అనరు.

పులిహోర ప్లేటుతో నా పక్కన కూర్చున్న తమ్ముడూ, నీ పేరు ఎక్కడా రాయలేదు. నలుగురూ కలిసి వస్తే వచ్చే నెల మొదటి శనివారం నేను అదే చెక్కమెట్ల దగ్గర ఉంటాను. గుహలోకి తీసుకువెళ్ళను. నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతా బొటనవేలు ఎత్తిస్తాను. మిగిలిన ముగ్గురూ ఎందుకని అడగకుండా వెనక్కి తిరగాలి. మొదటి వంతు నీది.

మీ అన్న,
బావిలో ఈత నేర్చినవాడు